మూడో పిలుపు

ఆ సోమవారం పొద్దున్న దేవకుమారి టీచరు నిడదవోలులో బస్సెక్కుతూ ఒక్కటే అనుకుంది. ఈ రోజు హాజరు అందరికంటే ముందు పంపించెయ్యాలి.

బదిలీ మీద ఆ బడికి వచ్చి నెల దాటింది. పట్టిసీమకు దిగువన, గోదావరి గట్టును ఆనుకుని ఉన్న చిన్న ఊరు. ఊళ్ళో సగం మంది పల్లెకారులు. అంటే చేపల వేట మీద బతికేవాళ్ళు. బడిలో మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. వాన పడితే రెండు తరగతులూ ఒకే మూలలో కూర్చుంటాయి. హాజరు ఇప్పుడు ఫోనులో వెయ్యాలి. ఆలస్యమైతే పైనుంచి హెడ్మాస్టరు సత్యప్రసాద్ గారికి ఫోను వస్తుంది. ఆయన ఆ ఫోను పెట్టేసి, అదే గొంతుతో టీచరు దగ్గరికి వస్తాడు. రెండుసార్లు ఆ గొంతు విన్నాక దేవకుమారి మూడోసారి వినదల్చుకోలేదు.

అందుకని పేర్లు గబగబా పిలిచేది. పేరుకు ఒక్క పిలుపు. పలికితే ఉన్నట్టు, పలక్కపోతే లేనట్టు. ఇది ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. వాళ్ళ నాన్న లూథరన్ చర్చిలో ఉపదేశిగా పనిచేసేవాడు. పిల్లల్ని భోజనానికి ఒక్కసారే పిలిచేవాడు. పలకనివాళ్ళ కంచం బోర్లా పడేది. ఆ ఇంట్లో పిల్లలు నిద్రలో పిలిచినా పలికేవారు. పిలిస్తే పలకడమే మర్యాద అనీ, రెండోసారి పిలిపించుకోవడం పొగరు అనీ ఆమె నమ్మకం. అది నమ్మకం అని కూడా ఆమెకు తెలియదు. లోకమంతా అంతే అనుకునేది.

"లక్ష్మీదుర్గా!" అని పిలిచింది ఆ రోజు కూడా, ఫోనులోకి చూస్తూ.

ఎవరూ పలకలేదు. దేవకుమారి ఆ పేరు పక్కన రాలేదని నొక్కి, తరవాతి పేరుకి వెళ్ళిపోయింది.

లక్ష్మీదుర్గ ఆఖరి వరసలో కిటికీ కింద కూర్చునే ఉంది. మూడో తరగతి. వయసుకంటే చిన్నగా కనపడుతుంది. తన పేరు వినగానే పెదవులు గట్టిగా బిగించి, మనసులో ఒకటి అని లెక్కపెట్టుకుంది. మిగతా రెండు పిలుపుల కోసం ఎదురుచూసింది. అవి రాలేదు. ఏ రోజూ రావు.

ఏడాది ఇంకా నిండలేదు, కిందటేడు వరదల్లో ఆ పిల్ల తండ్రి అమ్మిరాజు వల తీసుకుని వెళ్ళాడు. పడవ దొరికింది. వల దొరికింది. అమ్మిరాజు దొరకలేదు. తల్లి లోవలక్ష్మి ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. ఇంట్లో మిగిలింది నాయనమ్మ చిన్నమ్మాయి. పేరుకే చిన్నమ్మాయి. ఆమెకు అరవై దాటాయి. మొగుడు పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ గట్టు మీద వాళ్ళకొక పట్టింపు ఉంది. గోదావరి ఒక మనిషిని తీసుకుంటే ఆ ఇంట్లోవాళ్ళు ఏడాది తిరిగేవరకూ మూడో పిలుపుకు గాని పలకరు. నీళ్ళలోంచి పిలిచేవాడికి రెండు పిలుపులకే ఊపిరి ఉంటుందట. మూడోసారి పిలిచేది బతికున్న మనిషి. మొదటి పిలుపుకో రెండో పిలుపుకో పలికితే, పలికినవాళ్ళు తెల్లారేసరికి నీళ్ళవైపు నడుస్తారట. అలాంటి పిల్ల తరపున పక్కవాళ్ళు పలకడం ఇంకా తప్పు. అందుకే గదిలో పిల్లలందరికీ తెలిసీ ఒక్కరూ నోరు తెరవలేదు.

అంతకు ముందున్న పాత మాస్టారికి ఈ తంటా రాలేదు. ఆయన ఆ ఊరివాడే. ఎవరినైనా రాగం తీసి నాలుగైదుసార్లు పిలిచేవాడు.

దేవకుమారి ఆ పిల్లను చూడకపోలేదు. చూసింది. ఆ ఊళ్ళో తల్లులు చేపల బుట్టలెత్తుకుని సంతకు వెళ్తే, బడి ఈడు రాని చెల్లెళ్ళు అక్కల వెంట వచ్చి కూర్చోవడం మామూలు. ఇదీ ఎవరో తెచ్చుకున్న చెల్లెలే అనుకుంది.

మొదటి ఇబ్బంది మధ్యాహ్న భోజనం దగ్గర వచ్చింది. ఫోనులో ఉన్నవాళ్ళకంటే కంచాలు ఒకటి ఎక్కువగా ఉంటున్నాయి. సత్యప్రసాద్ గారికి ఒకటి తగ్గితే ఫరవాలేదు గాని, ఎక్కువైతే నిద్ర పట్టదు. గుడ్లు తన చేత్తో పంచడం మొదలుపెట్టాడు. హాజరు ఎంతో గుడ్లు అన్నే. వరసలో ఆఖరున నిలబడే లక్ష్మీదుర్గ దాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ.

"నీ పేరేంటమ్మా?"

"లక్ష్మీదుర్గండి."

ఆయన ఫోను చూశాడు. "నువ్వు ఈ రోజు రాలేదు కదమ్మా."

పిల్ల కంచం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. పెద్దవాళ్ళు రాలేదంటే రాలేదేమో అనుకుని వెళ్ళిపోయింది. సత్యప్రసాద్ గారు కూడా, ఎవరో రాని పిల్ల పేరు చెప్పి ఇంకెవరో గుడ్డు కొట్టేద్దామని చూస్తున్నారనుకుని, ఊరి పిల్లల తెలివికి ఆశ్చర్యపోయాడు.

రెండో ఇబ్బంది ఫోనులో వచ్చింది. పిల్ల బడికి రాని రోజు ఇంటికి మెసేజీ వెళ్తుంది. చిన్నమ్మాయి దగ్గర మీటల ఫోను ఒకటుంది. అది రోజూ కుయ్యిమంటే రీచార్జి కోసం కంపెనీవాళ్ళు గోల పెడుతున్నారనుకునేది. ఒక సాయంత్రం పక్కింటి బుల్లియ్య వల బాగుచేసుకుంటూ ఉంటే ఫోను అతని చేతికిచ్చింది.

"ఏంట్రా బుల్లియ్యా ఇది, రోజూ ఒకేలాగ అరుత్తంది?"

బుల్లియ్య అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఇంకొకటి చదివాడు. ఇంకొకటి చదివాడు.

"పిన్నీ, దుర్గ బడికి రావట్లేదంట."

"బడికి రాకపోవడవేంటి? నేను గేటు దాకా దింపి వత్తన్నాను కదరా!"

"ఇందులో ఒక్క రోజు కూడా రాలేదని ఉంది."

చిన్నమ్మాయి మనవరాలిని పిలిచింది. మూడుసార్లు పిలిచింది. పిల్ల వచ్చింది.

"ఏమ్మా, బడికెల్తన్నావా?"

"ఎల్తన్నాను మామ్మా."

"మరి నువ్వు లేవంటన్నారేంటి?"

"బళ్ళో కూడా నన్ను లేననే అంటన్నారు. గుడ్డు కూడా ఇయ్యట్లేదు."

ముసలామె కింద చతికిలబడింది. బడికి వెళ్ళే పిల్ల బడిలో లేకపోవడమంటే ఏంటి? గేటుకీ గదికీ మధ్య ఏమైపోతోంది?

"నిన్నక్కడ ఎవరన్నా పిలుత్తున్నారా?"

"టీచరుగారు పిలుత్తారు."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"ఒక్కసారి పిలిచి ఊరుకుంటుందా?"

"ఊరుకుంటది."

చిన్నమ్మాయి బుల్లియ్య వంక చూసింది. బుల్లియ్య వల వంక చూశాడు. మనిషన్నవాళ్ళు మనిషిని ఒక్కసారి పిలిచి వదిలేయరని వాళ్ళిద్దరికీ తెలుసు. చిన్నమ్మాయి లేచి, వేపమండ తెచ్చి పిల్ల జడలో దోపింది.

"ఆ టీచరమ్మ ఎవరో ఏంటో నేను చూసేదాకా, ఇక మూడోసారికి కూడా పలక్కు. తెలిసిందా?"

తెలిసిందని పిల్ల తలూపింది.

ఇన్నాళ్ళు రాని పిల్ల ఇంటికి టీచరు వెళ్ళి రావాలని ఒక నియమం ఉంది. ఆ గురువారం బడి వదిలాక దేవకుమారి గొడుగేసుకుని గట్టు మీద నడిచింది. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చేశాయి. దుంగలు, చెట్లు, ఎవరిదో పాక కప్పు కొట్టుకుపోతున్నాయి. ముసురు పట్టి పొద్దు ముందే వాలింది. అమ్మిరాజు ఇల్లని పిల్లలు చూపించిన పాక ముందు ఆగి, ఒక్కసారి పిలిచింది.

"చిన్నమ్మాయిగారూ!"

పాకలో పొయ్యి వెలుగుతోంది. కప్పులోంచి పొగ వస్తోంది. ఎవరూ పలకలేదు. ఒకరింటి ముందు నిలబడి రెండోసారి అరవడం ఆమె ఎరగదు. లోపల ఎవరో నోరు నొక్కినట్టు చిన్న చప్పుడైంది. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

లోపల చిన్నమ్మాయి ఒక చేత్తో మనవరాలి నోరు, ఇంకో చేత్తో తన నోరు మూసుకుని కూర్చుంది. ముసురు సాయంత్రం, నీళ్ళవైపు నుంచి, ఆడగొంతు. ఒక్క పిలుపు. తరవాత చప్పుడు లేదు. ఇంతకంటే ఏం కావాలి?

మర్నాడు దేవకుమారి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఇంట్లో ఉన్నారండి. పిలిచాను. పలకలేదు. పిల్ల నోరు ఎవరో నొక్కినట్టు చప్పుడు కూడా వినపడిందండి."

"నోరు నొక్కారా?" అన్నాడు సత్యప్రసాద్ గారు.

ఆయన మండలానికి ఫోను చేసినప్పుడు అది పిల్లను దాచేశారు అయింది. మండలంలో విన్నవాళ్ళు పై ఆఫీసుకు చెప్పేసరికి, ఆ పిల్ల చేత ఎండుచేపల పని చేయిస్తున్నారు అయింది. పిల్లల సంగతులు చూసే ఆఫీసరు గణేష్‌బాబు గారు కాగితం మీద పెట్టేటప్పటికి, ప్రమాదంలో ఉన్న బాలిక అయింది. అలాంటి బాలికను ఇంట్లో ఉంచకూడదు. సోమవారం తానే వచ్చి విచారణ చేస్తానని, పిల్ల బడికి రావట్లేదని తేలితే రాజమండ్రి హాస్టల్లో చేర్పిస్తానని, నాయనమ్మకు ముందుగా ఆ సంగతి తెలపమని కబురు పంపాడు.

తెలపడానికి శనివారం సాయంత్రం సత్యప్రసాద్ గారే స్కూటరు మీద బయల్దేరాడు. ఆయనకు ఇంటి ముందు పిలవడం బాగా వచ్చు.

"ఏమ్మా చిన్నమ్మాయమ్మా! ఓ చిన్నమ్మాయమ్మా! ఉన్నావా, చిన్నమ్మాయమ్మా!"

"ఉన్నాను బాబూ, రండి," అంటూ ఆమె వెంటనే వచ్చింది.

ఎంత మర్యాదస్తురాలు అనుకుని, ఆయన నెమ్మదిగా విషయం చెప్పాడు. పిల్లను తీసుకెళ్తారన్న మాట దగ్గరికి వచ్చేసరికి ముసలామె గుంజ పట్టుకుంది. అప్పుడే వెనకనుంచి లక్ష్మీదుర్గ బయటికి వచ్చింది. శనివారం ఒంటిపూట బడికి వెళ్ళొచ్చి, ఇంకా ఆ బట్టల్లోనే ఉంది. భుజాన బడిలో ఇచ్చిన సంచి.

"ఈ పిల్లెవరు?"

"మీరు తీసుకెళ్తానన్న పిల్లేనండి."

"ఈ పిల్ల మా బళ్ళో గుడ్డు అడిగే పిల్ల కదా!"

"ఆయ్. అడిగితే రాలేదన్నారంట."

సత్యప్రసాద్ గారు అక్కడ బోర్లించి ఉన్న నాటుపడవ మీద కూర్చుండిపోయాడు. పిల్ల రోజూ వస్తోంది. రోజూ రాలేదని తాము పంపిస్తున్నారు. దాని మీద పై ఆఫీసరు విచారణకు వస్తున్నాడు. రాజమండ్రి వెళ్ళేది పిల్లో తనో ఆయనకు అర్థం కాలేదు. బుజ్జగించి అడిగితే, పలక్కపోవడానికి కారణం చిన్నమ్మాయి చెప్పింది.

"చూడమ్మా," అన్నాడు అంతా విని. "సోమవారం ఒక్క రోజు. ఆఫీసరు గారి ముందు టీచరు పిలవగానే, మొదటి పిలుపుకే పిల్ల గట్టిగా ఉన్నానండీ అనాలి. ఆ ఒక్క మాటతో అన్నీ సర్దుకుంటాయి."

"మొదటి పిలుపుకా!"

"లేకపోతే హాస్టలుకు పంపించేస్తారమ్మా. నా చేతుల్లో లేదు."

చిన్నమ్మాయి పిల్లను దగ్గరికి లాక్కుంది. తరవాత నెమ్మదిగా అంది. "పలికితే గోదారి తీసుకెల్తది. పలక్కపోతే మీరు తీసుకెల్తారు. దానికేం చెప్పమంటారు బాబూ?"

సత్యప్రసాద్ గారు రెండు డిగ్రీలు చదివాడు. తల తుడుచుకుని, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి ఆయన దేవకుమారికి చెప్పలేదు. ఆదివారం ఫోను చేద్దామని తీసి, పెట్టేశాడు. చెబితే ఆమె కంగారుపడి ఆఫీసరు ముందు నిజం చెప్పేస్తుందని ఆయన భయం.

చిన్నమ్మాయి ఆదివారమంతా మనవరాలికి పలకడం నేర్పింది. పాకలో ఆ మూల నిలబెట్టి, ఈ మూలనుంచి ఒక్కసారి పిలిచేది. పిల్ల పెదాలు బిగించేది.

"పలకవే!"

"నువ్వే కదా మామ్మా పలకొద్దన్నావు."

"ఇప్పుడు నేనే పలకమంటన్నాను."

"పలికితే నాన్న తీసుకెల్లిపోడా?"

"నేను చెప్పుకుంటాన్లే మీ నాన్నతో."

పొద్దు వాలాక ఆమె గట్టు దిగి, నీళ్ళకు ఇవతలే నిలబడింది. కొడుకు పోయాక ఆ రేవుకు రావడం అదే మొదలు. వరద చప్పుడులో ఎదుటి మనిషికి కూడా వినపడనంత చిన్నగా మాట్లాడింది. "అమ్మిరాజూ, రేపొక్క రోజు పిలవకురా నాన్నా. పిల్ల పలికేత్తది. నీకు కావాలంటే నన్ను పిలు. నేను మొదటి పిలుపుకే వచ్చేత్తాను."

ఇక్కడ ఇలా ఉండగా, అంతకు ముందే శనివారం మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది. బడి వదిలి బస్సు కోసం నిలబడిన దేవకుమారి దగ్గరికి బుల్లియ్య వచ్చాడు. దుర్గను పట్టుకెళ్ళిపోతారని పంచాయతీ దగ్గర అప్పుడే విన్నాడు. టీచరమ్మ మనిషా కాదా తేల్చుకోవలసిన సమయం ఇదేనని, దూరంగా నిలబడి కాసేపు ఆమె కాళ్ళు చూశాడు. కాళ్ళకు బురద ఉంది. మనిషే అని నమ్మకం కుదిరాక దగ్గరికొచ్చాడు.

"టీచరుగారండీ, మీరు పేర్లు ఒక్కసారే పిలుత్తారంట కదండి?"

"అవును. ఏం?"

బుల్లియ్య చెప్పాడు. అమ్మిరాజు సంగతి, రెండు పిలుపుల సంగతి, పాకలో ఇద్దరి నోళ్ళూ మూసుకున్న సంగతి. దేవకుమారి వింటూ ఉంటే బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"అంటే ఆ పిల్ల... కిటికీ కింద కూర్చునే పిల్లా?"

"ఆయ్."

"ఎవరో చెల్లెలనుకున్నాను."

"ఎవరి చెల్లెలండి?"

"ఎవరి చెల్లెలో," అంది దేవకుమారి. ఇన్నాళ్ళూ ఆ పిల్ల పొగరుతో కాదు, ప్రాణానికి భయపడి నోరు మూసుకుంది. పేరు పిలిచేటప్పుడు తను తలెత్తి చూడను కూడా లేదు.

"ఏం చెయ్యమంటారు?"

"మూడుసార్లు పిలవండి. మూడోదానికి పలుకుద్ది. పిన్ని పలకొద్దంది గాని, మిమ్మల్ని చూశానని నేను చెప్తాను. ఒక్కటి గుర్తుంచుకోండి. మొదలెట్టాక మధ్యలో ఆపకూడదు. రెండు పిలిచి ఆపితే అది వాడి పిలుపైపోద్ది. ఏం జరిగినా మూడూ పిలిచెయ్యాలి."

బుల్లియ్య ఆ సాయంత్రమే చిన్నమ్మాయికి చెప్పేవాడే. కాని వరద పెరుగుతోందని పడవలు పైకి లాగడానికి పిలిస్తే రేవుకు పోయాడు. రెండు రోజులు అక్కడే ఉండిపోయాడు.

సోమవారం బస్సులో దేవకుమారి దారంతా సాధన చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ రెండోసారి పిలిచి ఎరగదు. మూడు పిలుపులూ ఒకే మెత్తదనంతో రావాలి. "లక్ష్మీదుర్గా... లక్ష్మీదుర్గా... లక్ష్మీదుర్గా..."

తాళ్ళపూడి దగ్గర పక్కసీటావిడ ఉండబట్టలేకపోయింది. "పిల్ల తప్పిపోయిందా అమ్మా?"

"అవునండి," అంది దేవకుమారి. "నేనే పోగొట్టాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి అరటిపండు తీసి ఇచ్చింది.

వాన వల్ల బస్సు ఆలస్యమైంది. దేవకుమారి బడికి చేరేసరికి ఆఫీసరు గణేష్‌బాబు గారు గదిలో కుర్చీలో కూర్చుని, బురదైన బూట్లను దిగులుగా చూసుకుంటున్నాడు. సత్యప్రసాద్ గారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనతో ఒక్క మాట చెప్పే వీలు కూడా దొరకలేదు. కిటికీ బయట చూరు కింద చిన్నమ్మాయి తడుస్తూ నిలబడి ఉంది.

"మొదలుపెట్టండి మేడమ్," అన్నాడు గణేష్‌బాబు గారు. "రోజూ ఎలా పిలుస్తారో అలాగే."

దేవకుమారి పిలిచింది. ఒక్కొక్కరూ పలికారు. తరవాత ఊపిరి తీసుకుంది.

"లక్ష్మీదుర్గా!"

"ఉన్నానండీ!"

గది అదిరింది. అంత చిన్న పిల్లలోంచి అంత గొంతు వస్తుందని ఎవరూ అనుకోలేదు. సత్యప్రసాద్ గారు గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. దేవకుమారి మాత్రం రాయిలా అయిపోయింది. పిల్ల మొదటి పిలుపుకే పలికేసింది. మధ్యలో ఆపకూడదన్నాడు బుల్లియ్య. ఏం జరిగినా మూడూ పిలిచెయ్యాలన్నాడు.

"లక్ష్మీదుర్గా!"

సత్యప్రసాద్ గారు దగ్గాడు. పిల్ల బెదిరి కిటికీ వైపు చూసింది. పలుకు, పలుకు అని చిన్నమ్మాయి రెండు చేతులూ ఊపింది.

"ఉన్నానండీ! ఇక్కడే ఉన్నానండీ!"

"మేడమ్, పలికింది," అన్నాడు గణేష్‌బాబు గారు.

దేవకుమారి కళ్ళు మూసుకుంది.

"లక్ష్మీదుర్గా!"

పిల్ల బల్లెక్కి నిలబడి భోరుమంది. "ఉన్నానండీ! నేను ఉన్నానండీ! నిజంగా ఉన్నానండీ!"

కిటికీ బయట చిన్నమ్మాయి చెంగు నోట్లో కుక్కుకుంది. పిల్లలందరూ టీచరు వైపు చూస్తున్నారు. గణేష్‌బాబు గారు పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. రాసి, కుర్చీ కొంచెం ముందుకు జరిపాడు.

"మేడమ్, మీకు చెవులు సరిగ్గా వినపడవా?"

దేవకుమారికి ముందు ఆ మాట అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఆమె సత్యప్రసాద్ గారి వంక చూసింది. ఆయన పైన పెంకులు లెక్కపెడుతున్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. చెబితే ఈయన మూఢనమ్మకాల ఇల్లు అని రాసుకుంటాడు. అలాంటి ఇంట్లో పిల్లను ఉంచడు. ఇప్పుడే బండెక్కిస్తాడు. పిల్ల అల్లరిది, కావాలని పలకలేదు అని కూడా చెప్పొచ్చు. అప్పుడూ హాస్టలే.

"మేడమ్!" అన్నాడు ఆయన మళ్ళీ.

లక్ష్మీదుర్గ ఇంకా బల్ల మీదే ఉంది. వెక్కిళ్ళ మధ్య కిటికీ వైపే చూస్తోంది. అవతల ముసలామె జడివానలో కదలకుండా నిలబడి, పిల్లను కళ్ళతోనే పట్టుకుని ఉంది.

"మేడమ్! చెవులు వినపడవా అని అడుగుతున్నాను!"

"అవునండి," అంది దేవకుమారి. "వినపడవండి."

"ఇదీ సంగతి!" గణేష్‌బాబు గారు తొడ మీద చరుచుకున్నాడు. "పిల్ల రోజూ పలుకుతోంది. ఈవిడకు వినపడక రాలేదని వేస్తోంది. ఏమండీ హెడ్మాస్టరుగారూ, ఇన్నాళ్ళూ మీకు తెలియలేదా?"

"కొంచెం అనుమానం ఉందండి," అన్నాడు సత్యప్రసాద్ గారు పెంకుల మీదనుంచి చూపు దించుతూ. "ఆడమనిషి కదా, అడిగితే బాధపడుతుందని ఊరుకున్నానండి."

విచారణ అక్కడితో అయిపోయింది. బాలికకు ఏ ప్రమాదమూ లేదని, నాయనమ్మ సక్రమంగా బడికి పంపిస్తోందని, హాస్టలు అక్కర్లేదని గణేష్‌బాబు గారు రాశాడు. వెనకటి హాజరు సరిచెయ్యమన్నాడు. టీచరు రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళి చెవుల పరీక్ష చేయించుకుని, ఆ కాగితం పై ఆఫీసులో ఇవ్వాలని, అప్పటిదాకా పేర్లు హెడ్మాస్టరే పిలవాలని కూడా రాశాడు. ఆ రోజు లక్ష్మీదుర్గకు గుడ్డు వచ్చింది. సత్యప్రసాద్ గారు తన చేత్తో పొట్టు కూడా తీశాడు.

ఆ తరవాత వారం రోజులు చిన్నమ్మాయి పిల్ల చేతిని తన చెంగుకు ముడివేసుకుని పడుకుంది. నీళ్ళు కొంచెం కొంచెంగా తీశాయి. పిల్ల ఎటూ నడవలేదు. ఎందుకు నడవలేదో ఆమెకు అర్థం కాలేదు. కొడుకు తన మాట విన్నాడనుకుంది. విన్నాడంటే ఆ నీళ్ళలోనే ఉన్నాడని. ఉన్నాడంటే ఇక రాడని. ఆ రోజు పొయ్యి ముందు కూర్చుని, పోయిన ఏడాది ఏడవకుండా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

వరద తీశాక ఒక పొద్దున్న ఎండురొయ్యల పొట్లం పట్టుకుని బడికి వచ్చింది. దేవకుమారి వరండాలో కనపడింది. చిన్నమ్మాయి దగ్గరకంటా వచ్చి, ఆమె చెవిలో అరిచింది.

"మీకు చెవుడంట కదమ్మా! మాకు తెలీదు! ముందే చెబితే ఇంకా గట్టిగా పలికేవోళ్ళం కదా!"

దేవకుమారికి చెప్పాలనిపించింది. పొట్లం అందుకుని, తలూపి ఊరుకుంది. అప్పటికే గదిలో పిల్లలు ఎక్కాలు కూడా అరిచి చెబుతున్నారు. సందేహాలు అరిచి అడుగుతున్నారు. బస్సు కండక్టరు ఆమెకు సైగలు చేసి టిక్కెట్టు తీసుకోమంటున్నాడు. అందరూ ఇంత ప్రేమగా అరుస్తుంటే, వినపడుతోందని చెప్పడం మర్యాద కాదనిపించింది.

శ్రావణమాసం ఆఖరున ఆమె రాజమండ్రి వెళ్ళింది. డాక్టరు గొట్టం పెట్టి చూశాడు. తలకు యంత్రం తగిలించి చూశాడు. రెండు చెవులూ చక్కగా ఉన్నాయని, ఏ లోపమూ లేదని సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. ఆ కాగితం తీసుకెళ్ళి ఆమె పై ఆఫీసులో ఇచ్చింది.

గుమాస్తా దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, జాలిగా చూసి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి "మీకు చెవులు బాగానే వినపడుతున్నాయంటండీ!" అని అరిచాడు.